ఒత్తిడిగాలికి ఇంజను హెడ్డును సిద్ధపఱచుట

కమ్మరి కొలిమికడ తిత్తి యూదుటను మన విద్యార్థులలో ననేకులు చూచియుందురు. బొగ్గు అదియే, నిప్పు అదియే. తిత్తి గాలిని బలముగా త్రోసినంతనే నిప్పు తెల్లనై యినుము మెత్తబడునంతటి వేడి పుట్టును. మోటారు సైకిలు ఇంజనునకును ఇట్టి తిత్తిని కట్టవచ్చును. దానిని ఇంజనే త్రిప్పినచో సూపర్‌ఛార్జరనియు, ఇంజను విడిచిన పొగ త్రిప్పినచో టర్బో యనియు చెప్పుదురు. ఈ పాఠమునందు తిత్తిని గూర్చి గాక, తిత్తి కట్టుటకు ముందు సిలిండరు హెడ్డునకు చేయవలసిన పనిని గూర్చి వ్రాయుచున్నాము. సిలిండరుపై మూతవలె కూర్చుండి, వాల్వులను స్పార్కు ప్లగ్గును ధరించు భాగమే హెడ్డు. తిత్తిని కొనుట సులభము. హెడ్డును సిద్ధపఱచుట కష్టము. కష్టమైన దానిని విడిచి సులభమైన దానిని మాత్రము చేసిన ఇంజను ఎక్కువ కాలము నిలువదు.

మన కర్నూలు, కడప సీమలలో చిరపరిచితమైన బుల్లెట్టును ఉదాహరణముగా గైకొందము. 1955వ సంవత్సరమున మద్రాసులో దీని నిర్మాణ మారంభమైనది. పలు దశాబ్దములు తయారైన పాత బుల్లెట్టు 350 ఇంజనునకు ఒకే సిలిండరు. దాని లోవ్యాసము 70 మిల్లీమీటర్లు. పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. ఘనపరిమాణము 346 ఘన సెంటీమీటర్లు. వృత్తవైశాల్యమును నడకతో గుణించి విద్యార్థులు ఈ లెక్కను తామే సరిచూచుకొనవచ్చును. ఈ ఇంజనులో పిస్టను క్రిందికి దిగునపుడు బయటి గాలి తనంతట లోనికి చొరబడును. ఎవరును త్రోయరు.

బయటి గాలి వేడియైనకొలది పలుచనగును. 15 డిగ్రీల గాలితో పోల్చినచో 42 డిగ్రీల గాలిలో నూటికి సుమారు 9 పాళ్లు సరకు తక్కువ. అందుచేతనే వేసవి మధ్యాహ్నమున నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కడపకు పోవు బండి ఉదయమునందున్నంత చురుకుగా నడువదు. ఈ లోటును చూచియే యువకులకు ఒత్తిడిగాలిపై మక్కువ కలుగును.

వాతావరణపు ఒత్తిడికంటె సగము హెచ్చుగా గాలిని నింపితిమనుకొందము. లోపల గాలి ఒకటిన్నర రెట్లగునా? కాదు. నొక్కబడిన గాలి వేడెక్కును. సైకిలు పంపు అడుగుభాగమును తాకిన బాలురకు ఇది తెలిసినదే. 42 డిగ్రీల గాలిని అట్లు నొక్కినచో, ఏ నష్టమును లేని యంత్రములో సైతము అది సుమారు 81 డిగ్రీలకు చేరును. నూటికి 60 పాళ్ల సామర్థ్యము గల యంత్రములో సుమారు 106 డిగ్రీలగును. వేడిచే గాలి వ్యాకోచించును గనుక చివరకు మనకు దక్కు అధికపు గాలి సగము గాదు, నాలుగవ వంతు మాత్రమే. లాభము సగమునకు తగ్గినది, వేడి మాత్రము పూర్తిగా మిగిలినది. నడుమ గాలిని చల్లార్చు ఇంటర్‌కూలరును అమర్చుట ఇందులకే.

ఈ వేడి వలననే అపాయము. పెట్రోలు కలిసిన గాలి స్పార్కు తగిలిన చోటనుండి క్రమముగా మండవలయును. వేడియు ఒత్తిడియు మితిమీరినచో మూలనున్న మిశ్రమము జ్వాల రాకముందే తనంతట పేలును. మెకానిక్కులు దీనిని నాకింగు అందురు. అది కొనసాగినచో పిస్టను నెత్తికి రంధ్రము పడును. లేదా పిస్టను సిలిండరులో బిగుసుకొనును. పరుగిడు బండి వెనుకచక్రము చటుక్కున నిలిచిపోయినచో నష్టపడునది ఇంజను మాత్రమే కాదు, బండిపై నున్నవాని ప్రాణము సైతము.

కావున మొదట చూడవలసినది నొక్కుడు నిష్పత్తి. పిస్టను అడుగున నున్నపుడు దానిపై గల చోటును, పైకి వచ్చినపుడు మిగులు చోటుతో భాగించిన ఈ సంఖ్య వచ్చును. పాత బుల్లెట్టులో మిగులు చోటు సుమారు 63 ఘన సెంటీమీటర్లు, నిష్పత్తి 6.5. హోండావారు 1982లో తమ 500 బండికి టర్బో కట్టినపుడు నిష్పత్తిని 10 నుండి 7.2కు తగ్గించిరి. కవాసాకివారి 2015 నాటి 998 ఘన సెంటీమీటర్ల సూపర్‌ఛార్జరు బండికి నిష్పత్తి 8.5 మాత్రమే. పాత బుల్లెట్టునకు ప్రకృతిసిద్ధముగనే తక్కువ నిష్పత్తి గలదు గనుక దానిని ఇంకను తగ్గింప నక్కఱ లేదు. అయితే వేగము కొఱకు హెడ్డు అడుగును లేతుపై చెక్కించిన బండ్లలో ఈ మేలు పోయియుండును. అట్టి హెడ్డును గుర్తింపక తిత్తి కట్టరాదు.

రెండవది, హెడ్డును విప్పి పరీక్షించుట. మసిని తొలగించి, వాల్వు సీట్ల నడుమను, ప్లగ్గు రంధ్రము చుట్టును పగుళ్లను వెదకవలయును. కిరసనాయిలు పూసి, కొంతసేపు నిలిపి, పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లినచో కంటికి కనబడని పగులు తడిగీతగా బయటపడును. వాల్వు కాడ గైడులో ఊగుచున్నచో గైడును మార్చవలయును. తరువాత 45 డిగ్రీల వాలున సీటును కోసి, వాల్వును నూరుడు పేస్టుతో నూరవలయును. వాల్వు అంచు చుట్టును తెగని బూడిదరంగు వలయము ఏర్పడవలయును. వాల్వులు బిగించి, హెడ్డును వంచి, గాలిమార్గములో కిరసనాయిలు పోసి చూడుడు. ఒక్క చుక్కయు కాఱరాదు. ఈ పరీక్షకు ఖర్చు లేదు. ఓపిక మాత్రమే కావలయును.

ఇచ్చట నొక హెచ్చరిక. సీటు సన్నమైన గాలి సులభముగా పోవునని కొందఱు దానిని దారమువలె కోయుదురు. పొగ వాల్వు తన వేడిలో అధికభాగమును సీటు ద్వారముననే హెడ్డున కప్పగించును. సీటు సన్నమైనచో వేడి పోవు దారి ఇఱుకై వాల్వు అంచు కాలిపోవును. ఒత్తిడిగాలి ఇంజనులో పొగ వాల్వు సీటును కొంత వెడల్పుగా నుంచుటయే మేలు.

మూడవది, మార్గములను సరిచేయుట. దీనినే పోర్టింగు అందురు. గాలిని త్రోయు యంత్రమున్నది గదా, మార్గమును ఎంత పెద్దది చేసిన అంత మేలని తలంచుట పొరపాటు. సుంకేసుల కడ బయలుదేఱు కర్నూలు–కడప కాలువను చూడుడు. అవసరమునకు మించి వెడల్పైన చోట నీరు మందగించును. మొనదేలిన మలుపులో సుడి తిరుగును. గాలియు నట్టిదే. హెడ్డునకును గాలిగొట్టమునకును కలిసెడు చోట మెట్టు లేకుండ రెంటిని సరిచేయుట, మలుపు లోపలి యంచును గుండ్రముగా మలచుట, గైడు చుట్టునున్న దిమ్మెను పలుచ చేయుట, ఈ మూడింటితో చాలవఱకు పని నెరవేఱును. ఎక్కువ గాలి లోనికి వచ్చినచో ఎక్కువ పొగ బయటికి పోవలయును గనుక పొగమార్గమునందే హెచ్చు శ్రద్ధ వహింపవలయును. దానిని అద్దమువలె మెఱుగుపెట్టినచో మసి తక్కువగా పట్టును. లోనికి వచ్చు మార్గమునకు అంతటి మెఱుగు వలదు. లోహమును ఎక్కువగా తీసినచో గోడ చిల్లుపడి హెడ్డు పాడగును.

వాల్వు స్ప్రింగులను గూడ మఱువరాదు. 40 మిల్లీమీటర్ల వ్యాసము గల వాల్వు వెనుకనుండి అర వాతావరణపు ఒత్తిడి త్రోసినచో ఆ బలము సుమారు 6 కిలోగ్రాములు. ముసలిదైన స్ప్రింగు అంత బలము నెదిరించి వాల్వును సకాలమున మూయలేదు.

నాలుగవది, హెడ్డు సిలిండరుతో కలియు అతుకు. పిస్టను వైశాల్యము 38.5 చదరపు సెంటీమీటర్లు. మండునపుడు చదరపు సెంటీమీటరునకు 40 కిలోల ఒత్తిడి పుట్టెననుకొన్నచో హెడ్డును పైకెత్తు బలము 1540 కిలోలు. అనగా ఎఱ్ఱగుంట్ల సిమెంటు బస్తాలు ముప్పదికి పైగా. ఒత్తిడిగాలిచే అది 50 కిలోలకు పెరిగినచో 1925 కిలోలు, 38 బస్తాలు. నిమిషమునకు 4000 మారులు తిరుగు ఇంజనులో ఈ దెబ్బ నిమిషమునకు 2000 మారులు తగులును. కావున హెడ్డు అడుగు సమతలముగా నుండవలయును. మెఱుగుపెట్టిన కడప బండ కంటికి సమముగా తోచినను ఈ పరీక్షకు చాలదు. వర్కుషాపులోని సర్ఫేసు ప్లేటుపైననే చూడవలయును. రాగి గాస్కెట్టును ఎఱ్ఱగా కాల్చి నీట ముంచినచో మెత్తబడి చక్కగా అతుకును. బోల్టులను ఒక్కసారి గాక, ఎదురెదురుగా, విడతలు విడతలుగా బిగింపవలయును.

పూర్వకాలపు ఇంజనుల గాస్కెట్టులలో రాగిరేకుల నడుమ రాతినారను పెట్టెడివారు. ఈ రాతినార మన పులివెందుల ప్రాంతమున గనులలో త్రవ్వబడినదే. వేడికి కాలని గుణము దానియం దున్నది గాని, దాని ధూళి ఊపిరితిత్తులకు తీరని హాని చేయును. కనుక పాత గాస్కెట్టును పొడిగా గీకరాదు, నోటితో ఊదరాదు. తడిపి తీసి మూటగట్టి వేఱుగా నుంచవలయును.

ఒత్తిడిగాలి మహిమ లోకమునకు తెలియనిది కాదు. 1939లో మాన్ దీవి పందెమునందు జార్జ్ మయర్ సూపర్‌ఛార్జరు గల బి.ఎం.డబ్ల్యు. బండిపై పెద్ద తరగతిలో విజయము గాంచెను. అయినను 1946లో అంతర్జాతీయ పందెములలో సూపర్‌ఛార్జరులను నిషేధించిరి. మన దేశమునందును 1988 నాటి మోటారు వాహన చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్ణయించిన రూపమును రహదారి బండికి ఇచ్చవచ్చినట్లు మార్చరాదు. కావున ఈ ప్రయోగము వర్కుషాపు బల్లపైనను, మూసిన పందెపు బాటపైనను చేయదగినదే గాని బజారులో చేయదగినది కాదు.

తిత్తి లేకున్నను పైని చెప్పిన పనులలో నొక్కటియు వ్యర్థము గాదు. చుక్క కాఱని వాల్వు, సమమైన అతుకు, సుడి లేని మార్గము గల ఇంజను తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరము నడచును. పాఠశాల విడిచి వర్కుషాపులో జీవనము వెదకుకొను బాలునకు తిత్తి కట్టు నేర్పుకంటె వాల్వు నూరు నేర్పే అన్నము పెట్టును. ఒత్తిడి హెచ్చినపుడు క్రొత్త బలము పుట్టుటయే గాక, దాగియున్న పాత లోపము సైతము బయటపడును. ఆ లోపమును ముందుగా వెదకి సరిదిద్దిన చేతికే హెచ్చు బలమును అప్పగింపవచ్చును.