పాలు పోసే ఇంట్లో పాలు

పాకాల దగ్గర ఒక పల్లె. ఆ పల్లెలో ఒక ఇల్లు. ఆ ఇంట్లో రెండు జెర్సీ ఆవులు ఉన్నాయి.

తెల్లవారుజామున జంక్షన్‌లో రైలు కూత వినపడగానే ఆ ఇంటి అక్క లేస్తుంది. పేడ తీస్తుంది. దాణా పెడుతుంది. పాలు పిండుతుంది. క్యాను ఎత్తుకొని పాల కేంద్రానికి పోతుంది. సాయంత్రమూ అంతే. రోజుకు పది లీటర్లు పోస్తుంది.

ఒకరోజు అంగన్‌వాడీలో పిల్లల బరువు తూచారు. అక్క కొడుక్కు మూడేళ్లు. వాడి బరువు తక్కువగా ఉంది.

"ఏమ్మా, పిల్లోడు చిక్కిపోయినాడే! పాలు తాపతా ఉండావా?" అని టీచరమ్మ అడిగింది.

"తాపతా ఉండా టీచరమ్మా. పొద్దున టీ ఇస్తా. సాయంత్రం అంగట్లో రంగు పాల సీసా కొనిస్తా. వానికి అదంటే ప్రాణం."

"మరి మీ ఆవుల పాలు?"

"అవన్నీ కేంద్రానికే పోతాయి గదా! లోను కట్టాల. దాణా కొనాల."

టీచరమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రేపు ఆ సీసా తీసుకొని రామ్మా. నీకు చదువు వచ్చు గదా! నువ్వే చదివి చెప్పు" అంది.

మరునాడు అక్క సీసా తెచ్చింది. దాని మీద అక్షరాలు చిన్నవి. కొన్ని ఇంగ్లీషులో ఉన్నాయి. అవి టీచరమ్మ చదివింది. అంకెలన్నీ అక్కే చదివింది. 200 మిల్లీలీటర్లు. ధర 30 రూపాయలు. లోపల ఉన్నవి: పాలు, చక్కెర, రంగు, వాసన.

"ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాస్తారు. పాల తర్వాత ఏం ఉంది?"

"చక్కెర!"

"మీకు కేంద్రంలో లీటరుకు ఎంత ఇస్తారు?"

"36 రూపాయలు."

అక్క పలక తీసుకొని లెక్క వేసింది. లీటరు 36 అయితే, 200 మిల్లీలీటర్లు 7 రూపాయల 20 పైసలు. ఆమె ముఖం చిన్నబోయింది.

"ఏడు రూపాయలకు అమ్మేసి, ముప్పై రూపాయలకు కొంటా ఉండానా!"

ఆ రోజు నుండి అక్క క్యాను నింపే ముందు అర లీటరు పక్కకు తీసి పెడుతోంది. ఆ పాల ఖరీదు 18 రూపాయలు. సీసా కొనడం లేదు గనుక ఇంకా 12 రూపాయలు మిగులుతున్నాయి. పిల్లవాడు పొద్దున కాచిన పాలు తాగుతున్నాడు. మధ్యాహ్నం పెరుగన్నం తింటున్నాడు.

పాలలో ఏముంది?

కండ పెరగడానికి మాంసకృత్తులు ఉన్నాయి. ఎముకలకు, పళ్లకు బలమిచ్చే కాల్షియం ఉంది. పెద్దవాళ్లు రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు గానీ, పెరుగు గానీ తీసుకుంటే మంచిదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది.

పాలలో ఇనుము తక్కువ. పాలు ఒక్కటే చాలవు. రాగి సంగటి, ఆకుకూరలు, పప్పు, గుడ్డు కూడా పెట్టాలి. చిన్నపిల్లలకు టీ వద్దు. తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. పుట్టిన బిడ్డకు ఆరు నెలలదాకా తల్లిపాలే చాలు. ఏడాది నిండేదాకా తల్లిపాలకు బదులు ఆవు పాలు తాపకూడదు.

ప్యాకెట్టు కొనేటప్పుడు

ప్యాకెట్టు మీద పాల రకం రాసి ఉంటుంది. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం. డబుల్ టోన్డ్ పాలలో 1.5 శాతం. ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం. ఎదిగే పిల్లలకు వెన్న ఉన్న పాలు మంచివి. గుండె జబ్బు ఉన్నవాళ్లకు వెన్న తక్కువ ఉన్నవి మేలు.

తేదీ చదవండి. తేదీ దాటితే తీసుకోవద్దు. ప్యాకెట్టు ఉబ్బి ఉన్నా, చల్లగా లేకపోయినా వద్దనండి. ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు ఉందో లేదో చూడండి. అడగడానికి మొహమాటం వద్దు. డబ్బు మనది. కడుపు మన పిల్లలది.

కల్తీని పసిగట్టడం

నున్నని పళ్లెం వాలుగా పట్టుకోండి. ఒక చుక్క పాలు వేయండి. మంచి పాలు మెల్లగా జారతాయి, తెల్లని చార వదులుతాయి. నీళ్లు కలిస్తే చార లేకుండా గబుక్కున జారిపోతాయి.

పాలు, నీళ్లు సమంగా పోసి సీసాలో బాగా కుదపండి. దట్టమైన నురుగు వచ్చి నిలిచిపోతే సబ్బు పొడి కలిసిందని అనుమానించాలి.

కాచి చల్లార్చిన పాలలో రెండు చుక్కలు టింక్చర్ అయోడిన్ వేయండి. నీలం రంగు వస్తే పిండి కలిపారన్నమాట. ఆ పాలు పారబోయాలి.

లాక్టోమీటరును ఒక్కదాన్నే నమ్మకూడదు. వెన్న తీస్తే పాలు చిక్కబడినట్టు చూపిస్తుంది. తర్వాత నీళ్లు పోస్తే మళ్లీ సరిగ్గా ఉన్నట్టే చూపిస్తుంది. అందుకే కేంద్రంలో వెన్న శాతం కూడా చూస్తారు. మీ పాలకు ఎంత వెన్న వచ్చిందో చీటీలో చదువుకోండి. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. ఆ తర్వాత పల్లెల్లో ప్రైవేటు డెయిరీల కేంద్రాలు పెరిగాయి. ఎవరికి పోసినా చీటీ అడిగి తీసుకోవడం మన హక్కు.

పెరుగు, నెయ్యి

పెరుగు ఇంట్లోనే తోడు పెట్టుకోవచ్చు. కాచిన పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు ఒక చెంచా చేమిరి వేస్తే చాలు. ఎండాకాలం రంగు నీళ్ల సీసా కంటే ఉప్పు వేసిన మజ్జిగ మేలు. నెయ్యి మరీ చౌకగా ఇస్తే ఆలోచించండి. అందులో వనస్పతి కలిసి ఉండవచ్చు. ఇంట్లో వెన్న కాచుకుంటే ఆ భయం లేదు.

పాలు పిండేవాళ్లకు ఒక మాట

పొదుగు, చేతులు, గిన్నె శుభ్రంగా కడగండి. ఆవుకు సూది మందు వేయిస్తే, ఎన్ని రోజులు పాలు వాడకూడదో పశువుల డాక్టరును అడగండి. అన్ని రోజులూ ఆ పాలు తాగవద్దు, అమ్మవద్దు. పచ్చిపాలు తాగవద్దు. వాటివల్ల క్షయ, బ్రూసెల్లోసిస్ వంటి జబ్బులు రావచ్చు. పొంగు వచ్చేదాకా కాచండి.

మన చేతి పాలు ఊరంతా తాగుతోంది. మన బిడ్డ కూడా తాగాలి.

ఆలోచించండి, చెప్పండి

1. అక్క ముఖం ఎందుకు చిన్నబోయింది?
2. రోజుకు 12 రూపాయలు మిగిలితే 30 రోజులకు ఎంత మిగులుతుంది?
3. మీ ఇంట్లో ఉన్న పాల ప్యాకెట్టు తీసుకోండి. తేదీ, వెన్న శాతం, ధర చదివి పలక మీద రాయండి.
4. మీ ఊళ్లో పాలు పోసే ఇళ్లు ఎన్ని? ఆ ఇళ్లలో పాలు తాగే పిల్లలు ఎంతమంది? అందరూ కూర్చొని మాట్లాడుకోండి.