ఆ జాబితాలో లేనివాళ్ళ సంగతి

చి. సౌ. మాధవికి,



మీ కొత్త ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న ఒకడి పేరు లైంగిక నేరస్థుల రిజిస్ట్రీలో కనిపించిందని, డిపాజిట్ పోయినా సరే ఇల్లు మారిపోతామని ఫోన్‌లో అన్నావు. పసిపిల్లల తల్లివి, భయపడకుండా ఎలా ఉంటావు? కానీ ఆ జాబితా ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుసుకున్నాక నిర్ణయం తీసుకో.

1994 జూలైలో ఈ న్యూజెర్సీలోనే, హామిల్టన్ టౌన్‌షిప్‌లో, మేగన్ కాంకా అనే ఏడేళ్ళ పాపను అదే వీధిలో ఉండేవాడు చంపేశాడు. పిల్లలపై లైంగిక నేరాలకు వాడికి అంతకుముందే శిక్ష పడింది. ఆ సంగతి తెలిసుంటే జాగ్రత్తపడేవాళ్ళమని తల్లిదండ్రులు పోరాడితే కొద్ది నెలల్లోనే రాష్ట్రంలో చట్టం వచ్చింది. 1996లో దేశమంతటికీ వచ్చింది. దాన్నే మేగన్ చట్టం అంటారు.

దాని ప్రకారం ఇక్కడ నేరస్థులను మూడు అంచెలు చేస్తారు. మొదటి అంచెవాళ్ళ వివరాలు పోలీసుల దగ్గరే ఉంటాయి. రెండో అంచె అయితే బడులకు, డేకేర్లకు చెబుతారు. మూడో అంచెవాడు వస్తే ఇరుగుపొరుగుకు కూడా తెలియజేస్తారు. నువ్వు చూసిన ఇంటర్నెట్ జాబితాలో అందరూ ఉండరు. సొంత ఇంట్లో బిడ్డపైనే నేరం చేసి రెండో అంచెలో ఉన్నవాణ్ణి మామూలుగా అందులో పెట్టరు. వాడి పేరు బయటపెడితే ఆ బిడ్డ ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది మరి. అసలు పట్టుబడనివాళ్ళు ఎలాగూ ఉండరు. ఈ చట్టంవల్ల మళ్ళీ నేరం చేయడం తగ్గినట్టు ఆధారం దొరకలేదని 2008లో న్యూజెర్సీలోనే జరిగిన అధ్యయనం తేల్చింది. కనుక మీ ఇంటి దగ్గరున్న ఆ మనిషి ముఖం గుర్తుపెట్టుకో, పిల్లలను అటు ఒంటరిగా పంపకు. వాళ్ళింటి మీదికి మాత్రం ఎవరూ వెళ్ళకండి, బెదిరిస్తే అది నేరం. ఇల్లు మారినంత మాత్రాన తీరే భయం కాదమ్మా ఇది.

పిల్లల జోలికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తెలిసినవాళ్ళే. బంధువు, ట్యూషన్ మాస్టారు, ఎప్పుడూ సాయానికి ముందుండే ఫ్యామిలీ ఫ్రెండ్. ముందు మన నమ్మకం సంపాదించి, తరువాత బిడ్డ దగ్గరికి చేరతారు. మన పార్టీలలో పెద్దలంతా పైన కబుర్లలో ఉంటే పిల్లలంతా కింద బేస్‌మెంట్‌లో ఉంటారు. మధ్యమధ్యలో దిగి చూడు. "అంకుల్‌కి ముద్దు పెట్టు" అని ఎవరూ బలవంతం చేయనివ్వకు. ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనీ.

ఒంటి భాగాలన్నిటికీ అసలు పేర్లు నేర్పు. "షేమ్ షేమ్" అని నేర్పితే, ఏదైనా జరిగిన రోజున తప్పు తనదే అనుకుని బిడ్డ నోరు మూసుకుంటుంది. అమ్మకు చెప్పొద్దని ఎవరైనా అంటే, ఆ మాటే ముందు నీకు చెప్పాలని నేర్పు. పాపతో పాటు బాబుకీ ఇవన్నీ చెప్పాలి. మగపిల్లాడికి ఏమవుతుందిలే అనే ధీమా చాలా ఇళ్ళను ముంచింది.

బిడ్డ నోరు విప్పితే "అక్కడికెందుకు వెళ్ళావు?" అనకు. "నాకు చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేమీ లేదు" అను. పదేపదే ప్రశ్నించకు, ఆ పని తెలిసినవాళ్ళు చేస్తారు. వెంటనే న్యూజెర్సీ పిల్లల రక్షణ హాట్‌లైన్ 1-877-652-2873కి ఫోన్ చెయ్యి, రాత్రీపగలూ పలుకుతారు. ప్రమాదం కళ్ళెదుటే ఉంటే 911. న్యూజెర్సీలో అనుమానానికి తగిన కారణముంటే చెప్పి తీరవలసిన బాధ్యత టీచర్లదీ డాక్టర్లదీ మాత్రమే కాదు, ప్రతి ఒక్కరిదీ. నీ పేరు చెప్పనక్కర్లేదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళకు చట్టమే రక్షణ. పరువు పోతుందని ఎవరైనా ఆపబోతే, అది మీ అమ్మయినా, నేనైనా, వినకు.

వేసవికి విజయవాడ వెళుతున్నారుగా. ఇండియాలో 2018లో మొదలైన లైంగిక నేరస్థుల వివరాల పట్టిక పోలీసులకే అందుబాటులో ఉంటుంది, మనలాంటివాళ్ళు చూడలేం. కానీ 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అక్కడా తెలిసి చెప్పకపోవడం నేరమే. అక్కడి పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు మీ అమ్మ ఫోన్‌లో కూడా ఎక్కించు.

ఈ ఉత్తరం అల్లుడిగారికీ చదివి వినిపించు. పిల్లలతో ఈ మాటలు తండ్రి నోటివెంట కూడా రావాలి. డేకేర్‌లో చేర్చేముందు పిల్లలతో పెద్దవాళ్ళెవరైనా ఒంటరిగా ఉంటారా, సిబ్బంది గతం వాకబు చేశాకే తీసుకుంటున్నారా అని ఇద్దరూ వెళ్ళి అడగండి.

నీ అత్తయ్య,
ఎడిసన్