పాదయాత్రయందు దాసోహము

ఉగాదికి ముందు కర్ణాటకమునుండి వేలాది భక్తులు కాలినడకన శ్రీశైలమునకు వత్తురు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి చీరసారెలు తెచ్చుట వారి ఆచారము. ఆత్మకూరు చెంతనున్న వెంకటాపురము దాటిన పిమ్మట నల్లమల అడవి. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారము వారి మజిలీలు. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు సోపానములు కట్టించి యాత్రికుల శ్రమ తగ్గించెను. నేడు దారిలో అన్నము వడ్డించువారు, నీరందించువారు, బొబ్బలెక్కిన పాదములకు మందు పూయువారు ఆ ధర్మమునే నిలుపుచున్నారు.

జట్టును నడిపించువారు గుర్తింపవలసినవి కొన్ని కలవు. నడక వేగమును నిర్ణయింపవలసినది బలవంతుడు కాదు, బలహీనుడు. ముందు త్రోవ యెరిగినవాడు, వెనుక ఓర్పుగలవాడు ఉండవలెను. ప్రతి మజిలీయందును తలలు లెక్కింపవలెను. ఎండ ముదరకమునుపే నడచి, మధ్యాహ్నము నీడపట్టున ఆగవలెను. దప్పిక హెచ్చకముందే నీరు త్రాగించవలెను. ఆ యడవి పెద్దపులుల అభయారణ్యము. నిప్పు ఆర్పక విడుచుట, ప్లాస్టిక్ సంచులు పారవేయుట మహాపరాధములు.

సేవకుడు కూడ ఒక విషయము మరువరాదు. “నేనిచ్చితి” నన్నచో అది దానము మాత్రమే. “శివుని సొత్తును శివునికే అందించితి” నన్నచో అది దాసోహము. బసవేశ్వరుడు బోధించిన భేదమిదియే.

సొమ్మసిల్లిన వృద్ధురాలిని దారిలో విడిచి, ముందుగా శిఖరము చూచినవాడు ఏమి చూచినట్లు? ఆమె ప్రక్కన కూర్చుండి, గ్రుక్కెడు నీరు పట్టి, ఆలస్యముగా చేరినవానికి దర్శనము దారిలోనే లభించినది.