కృష్ణబిలంలో పడిన పదార్థం ఏమవుతుంది?



2008 సెప్టెంబర్ 10న యూరప్‌లోని సెర్న్ సంస్థ 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల యంత్రాన్ని ప్రారంభించింది. అందులో కృష్ణబిలం పుట్టి భూమిని మింగేస్తుందని మన దేశంలోని కొన్ని టీవీ చానళ్లు ఊదరగొట్టాయి. ఎందరో భయపడ్డారు. భూమికి ఏమీ కాలేదు. మళ్లీ ఎవరైనా అలా చెబితే భయపడకుండా లెక్క వేసి చూడగలగాలనే మేము ఈ వ్యాసం రాస్తున్నాము.

కృష్ణబిలం అంటే?

వెలుతురు కూడా తప్పించుకోలేనంత గురుత్వాకర్షణ గల ప్రదేశమే కృష్ణబిలం. దాని సరిహద్దును ఘటనా దిగంతం అంటారు. దీని వ్యాసార్థానికి లెక్క తేలిక. ఒక్కో సూర్యుడంత ద్రవ్యరాశికి సుమారు 3 కిలోమీటర్లు. 10 సూర్యుల ద్రవ్యరాశి ఉంటే వ్యాసార్థం 30, వ్యాసం 60 కిలోమీటర్లు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లే కాబట్టి రెండు ఊళ్లూ అందులో ఇమిడిపోతాయి. మన భూమి కృష్ణబిలం కావాలంటే గోలీకాయంత సైజుకు నొక్కాలి!

కృష్ణబిలం దూరంగా ఉన్నవాటిని లాక్కోదు. సూర్యుని స్థానంలో అంతే ద్రవ్యరాశి గల కృష్ణబిలం ఉన్నా భూమి ఇదే కక్ష్యలో తిరుగుతుంది. చలికి మాత్రం గడ్డకట్టుకుపోతాం.

పడే ముందు

పడే పదార్థం సాధారణంగా తిన్నగా లోపలికి పోదు. కుందూ వరదలో సుడికి చిక్కిన కొమ్మలాగా గిరగిరా తిరుగుతూ పళ్లెం ఆకారంలో చేరుతుంది. అక్కడ రాపిడికి వేడెక్కి, లోపలి అంచున కోటి డిగ్రీల దాకా చేరి ఎక్స్ కిరణాలు వెదజల్లుతుంది. సూర్యునిలో హైడ్రోజన్ హీలియంగా మారేటప్పుడు ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తి అవుతుంది. ఇక్కడ సుమారు 6 శాతం, కృష్ణబిలం వేగంగా తిరుగుతుంటే ఇంకా ఎక్కువ.

ఎక్స్ కిరణాలను మన వాతావరణం ఆపేస్తుంది. అందుకే ఉపగ్రహాలు కావాలి. 2015 సెప్టెంబర్ 28న ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ మన శ్రీహరికోట నుంచే వెళ్లాయి. 7,200 కాంతి సంవత్సరాల దూరంలోని సిగ్నస్ ఎక్స్-1 వంటి కృష్ణబిలాలను పరిశీలించడం వీటి పనుల్లో ఒకటి.

దిగంతం దాటితే

చిన్న కృష్ణబిలం దగ్గర, పడే వస్తువు ముందు భాగాన్ని వెనుక భాగం కన్నా చాలా బలంగా లాగుతుంది. వస్తువు సేమియాలాగా సాగి ముక్కలవుతుంది. అతిపెద్ద వాటిలోనైతే దిగంతం దాటినట్లు పడేవారికే తెలియదు, సాగడం ఆ తర్వాత. బయటి నుంచి చూసేవారికి మాత్రం ఆ వస్తువు నెమ్మదించి, ఎర్రబారి, మసకబారి మాయమవుతుంది.

ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన రాతి విగ్రహం పడినా, అంతే బరువు గల బియ్యం బస్తాలు పడినా బయటికి తేడా తెలియదు. ద్రవ్యరాశి, భ్రమణం, విద్యుదావేశం, ఈ మూడే మిగులుతాయి. లోపల పదార్థం సింగ్యులారిటీకి చేరుతుందని సాపేక్ష సిద్ధాంతం చెబుతుంది. ఈ దిశలో 1965లో రాసిన పరిశోధనకే రోజర్ పెన్‌రోజ్‌కు 2020లో నోబెల్ బహుమతి లభించింది. కానీ అక్కడ ఆ సిద్ధాంతం పనిచేయదు.

తేలని ప్రశ్న

కృష్ణబిలాలు అతి నెమ్మదిగా ఆవిరవుతాయని 1974లో స్టీఫెన్ హాకింగ్ చెప్పారు. మరి అందులో పడినది విగ్రహమా, బియ్యమా అనే సమాచారం పూర్తిగా నశిస్తుందా? నశిస్తుందని 1997లో హాకింగ్, కిప్ థోర్న్ ఒకవైపు, నశించదని జాన్ ప్రెస్కిల్ మరోవైపు పందెం కాశారు. 2004లో హాకింగ్ ఓటమి ఒప్పుకున్నారు. థోర్న్ అప్పుడు ఒప్పుకోలేదు. సమాచారం బయటికి ఎలా వస్తుందో నేటికీ పూర్తిగా తేలలేదు. అంటే మన పాఠ్యపుస్తకాల్లో జవాబు లేని ప్రశ్న ఇది. దానిపై పనిచేసే అవకాశం మన హాస్టల్ పిల్లలకూ ఉంది.

మీకోసం ఒక లెక్క

వర్షాకాలంలో మబ్బులేని రాత్రి దక్షిణాన ధనుస్సు రాశి కనిపిస్తుంది. ఆ దిక్కునే మన పాలపుంత కేంద్రంలో 40 లక్షల సూర్యుల ద్రవ్యరాశి గల కృష్ణబిలం ఉంది. దాని దిగంతం వ్యాసార్థం ఎంత? పై సూత్రంతో మీరే కట్టి, మీ సైన్సు మాస్టారికి చూపించండి.