అంతర్నేత్రం

శరీరం లోపల ఏమి జరుగుతున్నదో తెలుసుకోవాలన్న తపన వైద్యమంత పాతది. మృతదేహాన్ని గడ్డితో చుట్టి, బోనులో ఉంచి, మెల్లగా పారే నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, ఆ తరువాత కుంచెలతో పొరపొరగా ఒలుస్తూ అవయవాలను పరిశీలించే విధానం సుశ్రుతసంహితలో వివరింపబడింది. అది మరణించినవారిని చూచే విద్య. బ్రతికి ఉన్న మనిషి లోపలి భాగాలను కత్తి పెట్టకుండా చూడడం 1895 నవంబరు 8న రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్న తరువాతనే సాధ్యమైంది. ఆ సంవత్సరం ముగియకముందే ఆయన తన భార్య చేతి ఎముకలను ఛాయాచిత్రంలో చూపగలిగాడు. ప్రపంచం నివ్వెరపోయింది.

అయితే ఎక్స్-కిరణాల చిత్రం నిజానికి ఒక నీడ మాత్రమే. దీపం ముందు ఒకరి వెనుక ఒకరుగా నిలుచున్న ఇద్దరి నీడలు గోడ మీద కలిసి ఒకటైనట్లే, శరీరంలో ముందున్నవీ వెనుకనున్నవీ ఆ చిత్రంలో ఒకదానిపై ఒకటి పడతాయి. విరిగిన ఎముకను గుర్తించడానికి ఆ నీడ చాలు. మెదడు విషయంలో చాలదు. మెదడూ, అందులో పెరిగిన కణితీ కిరణాలను దాదాపు ఒకే మోతాదులో పీల్చుకొంటాయి. ఆ స్వల్పమైన తేడా కాస్తా పుర్రె ఎముక వేసే దట్టమైన నీడలో మాయమవుతుంది.

అందుచేత వైద్యులు ఒక కఠినమైన మార్గాన్ని ఆశ్రయించారు. 1919లో వాల్టర్ డాండీ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు దానిని ప్రకటించాడు. రోగి నడుము వద్ద వెన్నులో సూది గుచ్చి, లోపలి ద్రవాన్ని కొంత తీసి, ఆ స్థానంలో గాలి ఎక్కించేవారు. ఆ గాలి మెదడులోని గదులలోకి చేరడానికి రోగిని కుర్చీకి బిగించి ముందుకు, వెనుకకు వంచేవారు. కొన్నిచోట్ల తలక్రిందులుగా కూడా త్రిప్పేవారు. తల పగిలిపోతున్నంత నొప్పి, వాంతులు. పరీక్ష ముగిసిన తరువాత కూడా ఆ బాధ రోజుల తరబడి వదిలేది కాదు. ఇంత చేసినా కణితి కనబడేది కాదు. గాలి నిండిన గది ప్రక్కకు ఒరిగి ఉంటే, దానిని ఏదో నెట్టుతున్నదని ఊహించడమే. వైద్యులు క్రూరులు కారు; వారికి తెలిసినంతలో మరో దారి లేదు. ఈ పరీక్ష అర్ధశతాబ్దికి పైగా సాగింది.

విచిత్రమేమంటే, ఈ బాధను తప్పించగల గణితం అంతకు రెండేళ్ళ ముందే అచ్చయి ఉంది. ఒక ఆకారం గుండా అన్ని దిక్కులలో గీతలు గీసి, ప్రతి గీత వెంట వచ్చే మొత్తాన్ని కొలిస్తే, ఆ ఆకారంలో ఏ బిందువు వద్ద ఎంత విలువ ఉన్నదో తిరిగి చెప్పవచ్చునని ఆస్ట్రియా దేశపు గణితవేత్త యోహాన్ రాడాన్ 1917లో నిరూపించాడు. కంప్యూటర్లు లేని ఆ రోజులలో అంతటి లెక్క చేయడం అసాధ్యమన్న మాట నిజమే. కాని కంప్యూటర్లు వచ్చిన తరువాత కూడా ఆ పత్రం వైద్యుల కంటబడలేదు. వారు చదివే పత్రికలు వేరు, గణితవేత్తలు చదివేవి వేరు.

రాడాన్ చెప్పినదాని సారం చిన్న ఉదాహరణతో బోధపడుతుంది. నాలుగు గడుల చదరం ఒకటి ఉన్నదనుకొందాం. గడులలోని అంకెలు కనబడవు. పై వరుస మొత్తం 5, క్రింది వరుస మొత్తం 9. ఎడమ నిలువు వరుస మొత్తం 6, కుడి నిలువు వరుస మొత్తం 8. పై వరుసలో 2, 3, క్రింది వరుసలో 4, 5 ఉంటే ఈ మొత్తాలు వస్తాయి. పైన 1, 4, క్రింద 5, 4 ఉన్నా అవే మొత్తాలు వస్తాయి. ఏది సరియైనది? పై ఎడమ గడి నుండి క్రింది కుడి గడికి ఏటవాలుగా చూచి ఆ మొత్తం 7 అని చెబితే సందేహం తీరిపోతుంది, మొదటిదే సరియైనది. మరొక దిక్కు నుండి చూచిన ఒక్క చూపు అజ్ఞాతాన్ని తేల్చివేసింది. గడులు నాలుగు కాక వేల సంఖ్యలో ఉంటే దిక్కులూ వందలు కావాలి, లెక్కకు యంత్రమూ కావాలి.

ఈ సమస్య 1956లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో అలాన్ కార్మాక్ అనే యువ అధ్యాపకునికి ఎదురైంది. ఆయన భౌతికశాస్త్రం బోధించేవాడు. వైద్యంతో సంబంధం లేనివాడు. గ్రూట్ షూర్ ఆసుపత్రిలోని భౌతికశాస్త్రవేత్త రాజీనామా చేశాడు. రేడియోధార్మిక పదార్థాల వాడకాన్ని అర్హతగల శాస్త్రవేత్త పర్యవేక్షించాలన్నది అక్కడి చట్టం. ఊరిలో అటువంటి అర్హత ఉన్నవాడు కార్మాక్ ఒక్కడే కావడంతో వారానికి ఒకటిన్నర రోజు ఆయన అక్కడికి వెళ్ళవలసి వచ్చింది. క్యాన్సర్ రోగులకు ఇచ్చే కిరణాల మోతాదును లెక్కించేటప్పుడు శరీరమంతా ఒకే పదార్థంతో చేసినట్లుగా భావిస్తున్నారని ఆయన గమనించాడు. ఎముక వేరు, ఊపిరితిత్తి వేరు, కండ వేరు కదా! ఏ భాగం ఎంత పీల్చుకొంటుందో బయటి నుండే కొలవడం ఎలాగన్న ప్రశ్న ఆయనను పట్టుకొంది. రాడాన్ పేరు కూడా వినని కార్మాక్ ఆ గణితాన్ని తానే మొదటి నుండి నిర్మించుకొన్నాడు. తనకంటే ముందే ఒకరు దానిని సాధించారని తెలియడానికి ఆయనకు పధ్నాలుగేళ్ళు పట్టింది.

కార్మాక్ 1957లో ఒక గుండ్రని అల్యూమినియం దిమ్మె చుట్టూ కొయ్య వలయం అమర్చి, దాని గుండా గామా కిరణాలను పంపి కొలిచాడు. లెక్క సరిపోయింది గాని దిమ్మె నడుమ విలువలు మాత్రం కొద్దిగా తేడాగా వచ్చాయి. దిమ్మెను తయారుచేసిన కార్ఖానాలో విచారించగా, దాని మధ్యలో కిరణాలను కొంచెం తక్కువగా పీల్చే మేకు ఒకటి బిగించి ఉన్నదని తేలింది. కంటికి కనబడని లోపలి మేకును గణితం పట్టి ఇచ్చింది! 1963, 1964 సంవత్సరాలలో ఆయన రెండు పత్రాలు ప్రకటించాడు. వైద్యలోకం నుండి స్పందన లేదు. ఆ పత్రాల ప్రతి కోరుతూ వచ్చిన ఉత్తరాలలో కార్మాక్‌కు వింతగా తోచినది స్విట్జర్లాండులో హిమపాతాలను పరిశోధించే సంస్థ వ్రాసినది. కొండల మీది మంచును ఈ పద్ధతిలో కొలవవచ్చునేమోనని వారి ఆశ.

కార్మాక్ కృషి ఏమాత్రం తెలియకుండానే ఇంగ్లండులో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ ఇదే ప్రశ్నను మరో ద్వారం నుండి సమీపించాడు. ఆయన రైతు బిడ్డ. విశ్వవిద్యాలయ పట్టా లేదు. విద్యుత్ ఇంజనీరింగులో డిప్లొమా ఉంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వైమానికదళంలో రాడార్ పని నేర్చాడు. ఇ.ఎం.ఐ. సంస్థలో చేరి ట్రాన్సిస్టర్ కంప్యూటరు నిర్మాణానికి నాయకత్వం వహించాడు. మూసి ఉన్న పెట్టెను అన్ని కోణాల నుండి కొలిస్తే లోపలున్నది చెప్పవచ్చునన్న ఊహ 1967లో ఆయనకు రూపుకట్టింది. ఆ సంస్థ పాటల రికార్డులు కూడా అమ్మేది. బీటిల్స్ బృందం పాటలపై వచ్చిన లాభమే ఈ యంత్రాన్ని పుట్టించిందన్న కథ ఈనాటికీ వినబడుతుంది. కథ రమ్యంగానే ఉంది గాని, బ్రిటిష్ ప్రభుత్వ ఆరోగ్యశాఖ వెచ్చించిన ధనాన్ని అది మరుగుపరుస్తుంది.

తొలి నమూనాను పాత లేత్ మిషను పీఠంపై బిగించారు. కిరణాలకు మూలం అమెరీషియం అనే రేడియోధార్మిక మూలకం. దాని కిరణాలు బలహీనం కావడంతో ఒక్క చిత్రానికి కావలసిన ఇరవై ఎనిమిది వేల కొలతలకు తొమ్మిది రోజులు పట్టింది. వాటిని లెక్కించడానికి కంప్యూటరుకు రెండున్నర గంటలు. ఎక్స్-కిరణాల గొట్టం అమర్చాక తొమ్మిది రోజులు తొమ్మిది గంటలయ్యాయి. మొదట పరీక్షించిన మెదడు ఫార్మలిన్‌లో భద్రపరచినది. చిత్రం ఆశించినదానికంటే స్పష్టంగా వచ్చింది. అక్కడే హౌన్స్‌ఫీల్డ్ వివేకం కనబడుతుంది. ఆ స్పష్టతకు ఆయన పొంగిపోలేదు, దానిని శంకించాడు. ఫార్మలిన్ కణజాలంలో మార్పు తెచ్చి తేడాలను పెంచి చూపుతున్నదని తేలింది. అప్పుడు కబేళా నుండి తాజా ఎద్దు మెదళ్ళను తెప్పించి మళ్ళీ పరీక్షించాడు. తేడాలు తగ్గాయి గాని, పనికి చాలినంత మిగిలాయి.

1971 అక్టోబరు 1న లండన్‌లోని వింబుల్డన్ ప్రాంతంలో ఉన్న అట్కిన్సన్ మార్లీ ఆసుపత్రిలో రేడియాలజిస్టు జేమ్స్ ఆంబ్రోస్ పర్యవేక్షణలో తొలి రోగిని పరీక్షించారు. ఆమె మెదడు ముందుభాగంలో కణితి ఉన్నదేమోనన్న అనుమానం. గొట్టం ఒక్కొక్క డిగ్రీ చొప్పున 180 డిగ్రీలు తిరుగుతూ, ప్రతి కోణంలోనూ 160 కొలతలు తీసుకొంది. అంటే మొత్తం 28,800. ఆ టేపును సంస్థ కంప్యూటరుకు పంపగా 6,400 చుక్కల చిత్రం తయారైంది. ఈనాటి కళ్ళకు అది గళ్ళగుడ్డలా తోచవచ్చు. కాని దానిలో గుండ్రని నల్లని తిత్తి స్పష్టంగా కనిపించింది. తరువాత శస్త్రచికిత్స చేసిన వైద్యుడు లోపల ఉన్నది అచ్చం ఆ చిత్రంలాగానే ఉన్నదని చెప్పాడు. ఆమెకు గాలి ఎక్కించనక్కరలేకపోయింది, కుర్చీకి కట్టనక్కరలేకపోయింది.

ఈ యంత్రంలో రసాయనశాస్త్రానికి ఉన్న పాత్రను చాలామంది విస్మరిస్తారు. కిరణాలను పట్టి వెలుగుగా మార్చినవి థాలియం కలిపిన సోడియం అయొడైడ్ స్ఫటికాలు. కణితిని మరింత స్పష్టంగా చూపడానికి రక్తనాళంలోకి ఎక్కించే మందులోనూ అయొడినే ప్రధానం. బరువైన పరమాణువు గనుక అది ఎక్స్-కిరణాలను బాగా అడ్డగిస్తుంది. పాత మందులు రక్తంలో అయాన్లుగా విడిపోయి, చుట్టూ ఉన్న కణాల నుండి నీటిని లాగి ఒళ్ళంతా మంట పుట్టించేవి. అయాన్లుగా విడిపోని అయొడిన్ అణువును తయారుచేస్తే ఆ మంట తగ్గుతుందని స్వీడన్ రేడియాలజిస్టు టోర్‌స్టెన్ ఆల్మెన్ ప్రతిపాదించాడు. ఆ ఊహ 1969లో వెలుగుచూచింది రేడియాలజీ పత్రికలో కాదు, సైద్ధాంతిక జీవశాస్త్ర పత్రికలో.

కార్మాక్, హౌన్స్‌ఫీల్డ్‌లకు 1979లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతిని పంచి ఇచ్చారు. ఇద్దరిలో ఒక్కరూ వైద్యులు కారు. ఒక్కరికీ డాక్టరేటు లేదు. శరీరంలో ఏ భాగం కిరణాలను ఎంత పీల్చుకొంటుందో కొలిచే ప్రమాణానికి హౌన్స్‌ఫీల్డ్ పేరే నిలిచింది. దానిలో నీటి విలువ సున్న, గాలి విలువ మైనస్ వెయ్యి.

ఈనాడు తెలుగునాట జిల్లాకేంద్రాలలో సైతం సి.టి. స్కాన్ బోర్డులు కనిపిస్తాయి. పక్షవాతం వచ్చిన మనిషికి మెదడులో రక్తం గడ్డకట్టిందా, నాళం చిట్లి కారిందా అన్నది ముందు తేలాలి. గడ్డను కరిగించే సూదిమందు రెండవ స్థితిలో ప్రాణం తీస్తుంది. బయటి లక్షణాలు రెండింటికీ ఒకటే. ఆ భేదాన్ని కొద్ది నిమిషాలలో ఈ యంత్రం చెప్పగలదు. సాదా ఎక్స్-కిరణ చిత్రం కంటే దీనిలో శరీరంపై పడే కిరణాల మోతాదు చాలా ఎక్కువ కనుక, ప్రతి తలనొప్పికీ తీయించుకోవడం మాత్రం తగదు.

రోగులను కట్టి త్రిప్పిన ఆ కుర్చీలు స్కానర్లు వచ్చిన పదేళ్ళలోపే ఆసుపత్రుల నుండి దాదాపుగా తొలగిపోయాయి. మెదడులోకి గాలి ఎక్కించే పరీక్ష పేరు నేటి వైద్యవిద్యార్థులకు పాత గ్రంథాలలో మాత్రమే ఎదురవుతుంది.