కార్డు ముక్క

"చేరగానే కార్డు ముక్క రాయి." ఊరెళ్లే మనిషికి వెనకటి రోజుల్లో ఈ మాట చెప్పి పంపేవారు.

మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న వచ్చింది. అప్పుడు దాని వెల పావు అణా. అంటే రూపాయికి 64 కార్డులు. కవరు అక్కర్లేదు. వేరే స్టాంపు అంటించే పని లేదు. అందుకే పేదవాళ్లు కూడా ఉత్తరం రాయించుకోగలిగారు.

తరవాత బొమ్మ కార్డులు వచ్చాయి. వాటి మీద పట్నం వీధులు అచ్చువేసేవారు. మద్రాసులో 1895 నుంచి 1953 దాకా కరెంటు ట్రాం బండ్లు నడిచాయి. ఆనాటి మద్రాసు వీధులు ఎలా ఉండేవో పాత బొమ్మ కార్డుల్లో ఇప్పటికీ చూడవచ్చు. మొదట్లో బొమ్మ కార్డు వెనక పక్క అడ్రసుకే. కబురంతా బొమ్మ అంచుల్లో ఇరికించి రాసేవారు.

మామూలు కార్డుల్లో ఏం రాసేవారు? ఇంటి సంగతులే. కాన్పు అయింది. వానలు పడ్డాయి. గేదె ఈనింది. డబ్బు అందింది.

శుభవార్త అయితే కార్డు మూలలకు పసుపు రాసేవారు. చావు కబురు కార్డును చదివి చించేసేవారు. పసుపు చూస్తే కబురు మంచిదని చదువు రాని అమ్మకూ తెలిసేది. లోపల ఏముందో తెలియాలంటే మాత్రం ఇంకొకరు చదివిపెట్టాలి.

రాయాలన్నా అంతే. పుట్టింటికి ఉత్తరం రాయాలంటే మరొకరి చెయ్యి కావాలి. అత్తింటి కష్టాన్ని అత్తింటి మనిషి చేతనే ఎలా రాయిస్తుంది? "ఇక్కడ అందరం క్షేమం" అని రాయించి ఊరుకునేది. కన్నతల్లికి ఆ ఒక్క మాటే చేరేది.

ఇప్పుడు మీకు రాత వచ్చింది. మీ మాట మీరే రాయగలరు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. కార్డును దారిలో ఎవరైనా చదవవచ్చు. గుట్టు మాటలు కార్డు మీద రాయకండి. కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించండి.

కార్డు రాసే తీరు

1. పైన మీ ఊరి పేరు, తేదీ వేయండి.
2. ముందు క్షేమం అడగండి. తరవాత సంగతి రాయండి.
3. చివర మీ పేరు రాయండి.
4. అడ్రసులో పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు, జిల్లా రాయండి.
5. కింద పిన్ కోడ్ వేయండి. ఇందులో 6 అంకెలు ఉంటాయి. ఇది 1972 ఆగస్టు 15న మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఊళ్ల పిన్ కోడ్ 5తో మొదలవుతుంది.

మీరే చేయండి

1. పావు అణా కార్డులు 4 కొంటే ఎన్ని అణాలు?
2. మీ ఊరి పిన్ కోడ్ తెలుసుకుని రాయండి.
3. ఇంతవరకు ఇంకొకరి చేత రాయించలేకపోయిన మాట ఏదైనా మీకు ఉందా? ఈరోజు మీ చేత్తో రాయండి. ఎవరికీ చూపించనక్కర్లేదు.