పది బీడీల సేపు

కోరుట్లలో ఒక వాడ. వంట పని అయింది. పిల్లలు బడికి పోయారు. నలుగురు ఆడవాళ్లు ఒక ఇంటి అరుగు మీద చేరారు. ఒక్కొక్కరి ఒడిలో ఒక చాట. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. చేతులు ఆగవు. మాటలూ ఆగవు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఎన్నో ఇండ్లలో ఇదే పని. 2016 దాకా ఈ ఊళ్లన్నీ కరీంనగర్ జిల్లాలోనే ఉండేవి. జిల్లాలు మారాయి. ఒడిలో చాట మారలేదు.

పగటి అన్నం వేళ అయింది. ముగ్గురు లేచారు. పెద్దామె లేవలేదు. ఒక చెయ్యి నేల మీద ఆనించింది. ఇంకొక చెయ్యి గోడకు పెట్టింది. అయినా మోకాళ్లు సాగలేదు. కోడలు వచ్చి రెక్క పట్టి లేపింది.

"పోయినేడు బతుకమ్మ నాడు గూడ గిట్లనే అయింది. అందరు ఆడుతుంటె నేను చూసుకుంట కూసున్న" అన్నది పెద్దామె.

కోడలు దవాఖానకు పోయి నర్సమ్మను అడిగింది. రోజూ కొంచెం కసరత్తు చేయించమని నర్సమ్మ చెప్పింది. ఆ మాట వినగానే పెద్దామెకు నవ్వు వచ్చింది.

"కసరత్తా? పొద్దంత పని చేస్తలేనా బిడ్డా?"

ఆమె అడిగింది న్యాయమే. పని చేస్తున్నది. కానీ ఏ పని? నాటు వేసే ఆమె వంగుతుంది, లేస్తుంది, నడుస్తుంది. బీడీలు చేసే ఆమెకు వేళ్లే కదులుతాయి. మిగతా ఒళ్లంతా బిగుసుకుని ఉంటుంది. మనిషి తల బరువు నాలుగైదు కిలోలు ఉంటుంది. మెడ వంచి కూర్చుంటే ఆ బరువును మెడ వెనుక కండరాలు పొద్దంతా పట్టి ఉంచాలి. నిండు బిందెను ఒక చేత్తో పట్టుకుని కదలకుండా నిలబడి చూడండి. కాసేపటికే చెయ్యి గుంజుతుంది. మెడకూ నడుముకూ అంతే. కండరం కదిలితే రక్తం బాగా పారుతుంది. బిగుసుకుని ఉంటే రక్తం తక్కువ అందుతుంది. ఇక మోకాలికి అండ తొడ కండరాలే. వాటికి పని లేకపోతే బలం తగ్గుతుంది. అప్పుడు భారమంతా మోకాలి మీద పడుతుంది.

"అది సరే. కూలి ఎవరిస్తరు?" అన్నది పెద్దామె. బీడీలకు లెక్క మీదనే కూలి. లేచి నిలబడితే అంత నష్టం.

కోడలు కాగితం తెచ్చింది. పెద్దామె రాత్రి చదువుల కేంద్రంలో లెక్కలు నేర్చుకున్నది. తనే రాసింది. 8 గంటలకు 800 బీడీలు. గంటకు 100. గంటకు 60 నిమిషాలు. అంటే 6 నిమిషాలకు 10 బీడీలు.

"పదేనా?"

"పదే అత్తమ్మా."

ఆ పది బీడీల సేపుతోనే ఆమె మొదలుపెట్టింది. తంబాకు దుమ్ము లేని చోట, వాకిట్లో. కొంగు నడుముకు బిగించింది. చేతులు సబ్బుతో కడుక్కున్నది. ముందు భుజాలు చెవుల దాకా ఎత్తి వదిలింది, పది సార్లు. తలను మెల్లగా కుడికి, ఎడమకు తిప్పింది. తలను గుండ్రంగా గిరగిర తిప్పొద్దు, కండ్లు తిరుగుతాయి. పిడికిలి బిగించి వేళ్లు చాపింది. నడుము మీద చేతులు పెట్టి కొంచెం వెనక్కి వంగింది.

అన్నిటికంటే ముఖ్యమైనది కుర్చీ కసరత్తు. గట్టి కుర్చీని గోడకు ఆనించాలి. జారే కుర్చీ పనికి రాదు. నులక మంచం లోపలికి కుంగుతుంది, అదీ వద్దు. కుర్చీలో కొసకు కూర్చోవాలి. పాదాలు నేలకు ఆనాలి. కొంచెం ముందుకు వంగి లేచి నిలబడాలి. మళ్లీ మెల్లగా కూర్చోవాలి. దబ్బున కూలబడితే లాభం లేదు, దించేటప్పుడే తొడలకు పని. ఊపిరి బిగబట్టొద్దు. మొదటి వారం పెద్దామె చేతులు ఆనించి ఐదు సార్లే లేచింది. నెల తిరిగేసరికి చేతులు ఆనించకుండా ఎనిమిది సార్లు లేచింది.

ఆ తర్వాత సాయంత్రం నడక కలిపింది. నడిచేటప్పుడు పక్కామెతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంత వేగం చాలు. వారానికి కనీసం 150 నిమిషాలు అట్లా నడవాలని, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. 150 అంటే ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాలు. మొదటి రోజే అంత ఎవరికీ కుదరదు. ఏమీ చేయకపోవడం కన్నా కొంచెం చేసినా మేలే అని కూడా ఆ సంస్థే చెప్పింది.

సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర నిలబడి పని చేసేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు పిక్కలు గుంజుతాయి, పాదాలు వాస్తాయి. వాళ్లు దర్వాజ పట్టుకుని మడమలు ఎత్తి దించాలి. పని అయ్యాక కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని కాసేపు పడుకోవాలి.

కొత్తలో ఒకటి రెండు రోజులు ఒళ్లు నొస్తుంది. అది మామూలే. ఛాతీలో నొప్పి వచ్చినా, కండ్లు తిరిగినా, కీలులో పోటు వచ్చినా వెంటనే ఆపాలి. దవాఖానకు పోవాలి. గర్భిణులు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందే డాక్టరును అడగాలి. షుగరుకు మందు వాడేవాళ్లూ అడగాలి. వాళ్లు ఉత్త కడుపుతో చేయొద్దు.

కూర్చునే తీరు కూడా పెద్దామె మార్చింది. వీపు గోడకు ఆనించి, కింద మడిచిన బొంత వేసుకున్నది. చాట కింద పీట పెట్టింది. మెడ వంపు తగ్గింది. గంటకు ఒకసారి నీళ్లు తాగే వంకతో లేచేది. పక్కవాళ్లు మొదట నవ్వారు. తర్వాత వాళ్లూ లేచారు.

చేసిన రోజున క్యాలెండరు గడిలో నిమిషాలు రాసేది. శ్రావణంలో 6. తర్వాత 10, 15.

బతుకమ్మ వచ్చింది. ఎంగిలిపూల నాడు పెద్దామె రెండు చుట్లు తిరిగి కూర్చున్నది. మోకాలు ఇంకా నొస్తూనే ఉంది. సద్దుల నాడు ఐదు చుట్లు వంగి చప్పట్లు కొట్టింది. తెల్లారి క్యాలెండరు ముందు నిలబడింది.

"ఆడింది గూడ రాయాల్నా?"

"అదీ కసరత్తే అత్తమ్మా, రాయి."

ఆమె 'బతుకమ్మ' అని రాసింది. గడి చాలలేదు. చివరి అక్షరం పక్క గడిలోకి పోయింది.

మీరు రాయండి:
మీరు గంటకు ఎన్ని బీడీలు చేస్తారు? 6 నిమిషాలకు ఎన్ని?
కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఎన్ని సార్లు లేవగలరు? ఈ రోజు గడిలో ఆ అంకె వేయండి.